అందిన కబురు, అందని కబురు

(ఒక గ్రంథాలయంలో సాయంత్రం సభలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

నమస్కారం. వెనక వరసలో వాళ్ళకి వినబడుతోందాండీ? చెయ్యెత్తండి. సరే, వినబడుతోంది. ఇదేదో మైకు సరిచూసుకోవడానికి అడిగానని అనుకోకండి. ఇవాళ్టి విషయం అక్కడే మొదలవుతుంది. ఎందుకో కాసేపట్లో చెప్తాను.

మేం డిగ్రీ చదివే రోజుల్లో చరిత్ర పేపర్లో ఒక ప్రశ్న తప్పకుండా వచ్చేది. "ఏథెన్స్, స్పార్టా నగర రాజ్యాల మధ్య భేదాలు రాయుము." కాగితం మధ్యలో నిలువుగా గీత గీసేవాళ్ళం. ఎడమ పక్క ప్రజాస్వామ్యం, నౌకాదళం, తత్వశాస్త్రం. కుడి పక్క ఇద్దరు రాజులు, ఏడేళ్ళకే మగపిల్లల్ని ఇంట్లోంచి తీసుకెళ్ళి చేయించే కఠిన శిక్షణ, కాల్బలం. మార్కులు బాగానే పడేవి. తర్వాత నేను పాఠాలు చెప్పిన ముప్పై ఏళ్ళూ పిల్లల చేత అదే గీత గీయించాను. అందులో తప్పేం లేదు. కాకపోతే ఆ గీతకి అటూ ఇటూ చేరకుండా సరిగ్గా గీత మీద బతికిన చిన్న ఊళ్ళ సంగతి ఆ కాగితంలో ఎక్కడా పట్టదు. ఆంబోతులు పోట్లాడుకుంటే లేగదూడల కాళ్ళు విరిగాయంటారు చూడండి, ఇవాళ ఆ లేగదూడల గురించి మాట్లాడతాను. ముఖ్యంగా రెండు ఊళ్ళు. ప్లాటియా, మిటిలీనీ. క్రీ.పూ. 427లో ఒకే వేసవిలో ఈ రెండింటి తలరాతలూ తేలాయి.

ముందు కాస్త నేపథ్యం. గ్రీకులు అప్పట్లో ఒక దేశం కాదు. ఒకే భాష, ఒకే దేవుళ్ళు, ఒకే ఒలింపిక్ ఆటలు, కానీ వెయ్యికి పైగా నగరాలు. ఇటలీ తీరం నుంచి నల్ల సముద్రం దాకా చెల్లాచెదురుగా ఉండేవి. "చెరువు చుట్టూ కప్పల్లా సముద్రం చుట్టూ బతుకుతున్నాం" అని సోక్రటీస్ అన్నట్టు ప్లేటో రాశాడు. ఏథెన్స్ నగరం, దాని చుట్టూ ఉన్న అట్టికా ప్రాంతం మొత్తం కలిపి సుమారు 2,500 చదరపు కిలోమీటర్లు. మనకది ఒక చిన్న జిల్లా. గ్రీకుల లెక్కలో మాత్రం అది మహా పెద్దది. చాలా నగరాలకి ఒక కోట గోడ, ఒక సంత, ఓ గుడి, చుట్టూ రెండు మూడు గంటల నడకలో అయిపోయే పొలాలు. అంతే.

నగరం ఎంత పెద్దగా ఉండాలి అన్న ప్రశ్నకి అరిస్టాటిల్ ఒక తమాషా కొలత చెప్పాడు. మరీ పెద్దదైతే దానికి చాటింపు ఎవరు వేస్తారు, స్టెంటర్ లాంటి గొంతున్నవాడు కావాలి కదా అన్నాడు. స్టెంటర్ అంటే హోమర్ కావ్యంలో యాభై మంది గొంతు ఒక్కడికే ఉన్నవాడు. అంటే నగరానికి హద్దు గొంతు. మన భాషలో కూతవేటు అన్న మాట ఉంది, ఆ మాటని అరిస్టాటిల్ వింటే సంతోషించేవాడు. (నవ్వులు) అందుకే ముందు మిమ్మల్ని వినబడుతోందా అని అడిగాను.

లోపల గొంతు అందుతుంది. మరి బయటికి? పక్క ఊరికి, సముద్రానికి అవతల ఉన్న మిత్ర నగరానికి కబురు ఎలా చేరుతుంది? కాళ్ళమీద, లేదా తెడ్లమీద. ఈ రెండూ గుర్తుపెట్టుకోండి. నేను చెప్పబోయే కథలన్నీ కబురు ఎప్పుడు చేరింది అన్న దగ్గరే తిరుగుతాయి.

ఈ నగరాలకి ఒకరంటే ఒకరికి ఎంత పట్టింపంటే తేదీలు కూడా కలవవు. ఎవరి నెలల పేర్లు వాళ్ళవి, ఎవరి కొత్త సంవత్సరం వాళ్ళది. థుసిడిడీస్ అని ఏథెన్స్ సేనాపతి ఒకడు ఏథెన్స్-స్పార్టా యుద్ధం చరిత్ర రాశాడు. ఆ యుద్ధం మొదలైన క్రీ.పూ. 431వ సంవత్సరాన్ని చెప్పడానికి అతను పడిన పాట్లు చూడండి. ఆర్గోస్‌లో హీరా దేవత గుడికి క్రిసిస్ పూజారిణిగా ఉన్న 48వ ఏడు, స్పార్టాలో ఏనీసియాస్ ఎఫర్‌గా, అంటే ఏటేటా మారే అధికారిగా ఉన్నప్పుడు, ఏథెన్స్‌లో పైథొడోరస్‌కి ఆర్కన్ అనే అధికారి పదవి ఇంకా రెండు నెలలుందనగా. ఒక్క తేదీకి మూడు ఊళ్ళ సాక్ష్యం! ఆ తర్వాత విసిగిపోయాడో ఏమో, ఫలానా ఎండాకాలం, ఫలానా చలికాలం అని లెక్క పెట్టుకుంటూ పోయాడు. అన్నట్టు ఆ క్రిసిస్ అనే పెద్దావిడ ఇంకో ఎనిమిదేళ్ళకి గుడిలో పూలదండల పక్కన దీపం పెట్టి కునుకు తీసింది. గుడి మొత్తం కాలిపోయింది. ఆవిడ ఆ రాత్రే పక్క ఊరికి పారిపోయింది. యుద్ధ చరిత్రలో ఈ ముక్క ఎందుకు రాశాడని ఎవరైనా అడిగితే, నాకైతే అతను మనిషి కాబట్టి అనిపిస్తుంది.

ఇక ప్లాటియా. ఏథెన్స్‌కి వాయవ్యాన కొండ దాటితే బియోషియా అనే మైదానం. అక్కడ పెద్దన్న థీబ్స్. థీబ్స్‌కి 70 స్టేడియాల దూరంలో, అంటే సుమారు 13 కిలోమీటర్లలో ప్లాటియా. చుట్టుపక్కల ఊళ్ళన్నీ తన మాట వినాలని థీబ్స్ పట్టు. ప్లాటియా వినలేదు. మన ఊళ్ళలో గట్టు తగాదాలు తెలిసినవాళ్ళకి ఇది నేను విడమరిచి చెప్పక్కర్లేదు. దూరపు శత్రువు మీద వచ్చే కోపం వేరు, గట్టు పక్కవాడి మీద ఉండే కసి వేరు.

క్రీ.పూ. 519లో ప్లాటియా వాళ్ళు ముందు స్పార్టా దగ్గరికే వెళ్ళారు, మమ్మల్ని కాపాడండి అని. స్పార్టా రాజు క్లియొమెనీస్ ఏమన్నాడో హెరొడోటస్ అనే గ్రీకు చరిత్రకారుడు రాశాడు. మేం చాలా దూరంలో ఉన్నాం, మాలో ఒక్కడికైనా కబురు తెలిసేలోపు మీరు ఎన్నోసార్లు బానిసలైపోతారు, పక్కనున్న ఏథెన్స్‌ని ఆశ్రయించండి అన్నాడు. మంచి సలహాలాగే ఉంది కదా? హెరొడోటస్ మాత్రం ఇందులో ప్లాటియా మీద ప్రేమేం లేదు, ఏథెన్స్‌కీ బియోషియా వాళ్ళకీ తగువు పెట్టడానికే అలా అన్నారని చురక వేశాడు. ఏమైనా ప్లాటియాని ఏథెన్స్ చేతిలో పెట్టింది స్పార్టాయే. ఈ సంగతి మళ్ళీ అవసరం పడుతుంది.

ఆ స్నేహం ఊరికే పోలేదు. క్రీ.పూ. 490లో పర్షియా సైన్యం మారథాన్‌లో దిగింది. ఏథెన్స్ నుంచి ఫిడిపిడీస్ అనే వార్తాహరుడు స్పార్టాకి పరిగెత్తాడు. మారథాన్ పరుగు అనగానే మనకి వేరే కథ గుర్తొస్తుంది గానీ, హెరొడోటస్ చెప్పిన పరుగు ఇది. సుమారు 240 కిలోమీటర్లు, మర్నాటికల్లా చేరాడు. వస్తాం గానీ పున్నమి దాకా కదలకూడదన్నది మా ఆచారం అన్నారు స్పార్టన్లు. రెండు వేల మంది వచ్చేసరికి యుద్ధం ముగిసింది. చచ్చిపడి ఉన్న పర్షియన్లని చూసి, శభాష్ అని మెచ్చుకుని ఇంటికి వెళ్ళిపోయారు. ప్లాటియా వాళ్ళు మాత్రం ఉన్న సైన్యమంతా వేసుకుని వేళకి వచ్చి పక్కన నిలబడ్డారు. అప్పట్నించి ఏథెన్స్ పెద్ద పండగల్లో బలి ఇచ్చేటప్పుడు "ఏథెన్స్ వాళ్ళకీ ప్లాటియా వాళ్ళకీ మేలు జరగాలి" అని కలిపి మొక్కేవారు.

పదకొండేళ్ళకి, 479లో, పర్షియన్లతో ఆఖరి పెద్ద పోరు ప్లాటియా పొలాల్లోనే జరిగింది. ఆ పోరులో థీబ్స్ పర్షియా పక్షాన నిలబడింది. గెలిచిన గ్రీకుల సేనాని స్పార్టాకి చెందిన పౌసానియస్. అతను ప్లాటియా సంత మధ్యలో స్వేచ్ఛాదాత జ్యూస్ దేవుడికి బలి ఇచ్చి, ఈ ఊరి జోలికి ఎవరూ రాకూడదని మిత్రులందరి ముందు మాట ఇచ్చాడు. ఆ పోరులో చనిపోయిన స్పార్టన్ల సమాధులు ఆ ఊళ్ళోనే ఉన్నాయి. ప్లాటియా వాళ్ళు ఏటేటా వాటి దగ్గర బట్టలు పెట్టి, తొలి పంట సమర్పించేవారు.

ఇప్పుడు 431, వసంతకాలం. నెలాఖరు, చంద్రుడు లేని రాత్రి. ఊరు తొలి నిద్రలో ఉండగా, అప్పటికి స్పార్టా పక్షాన ఉన్న థీబ్స్ నుంచి మూడు వందల మందికి పైగా సాయుధులు ప్లాటియాలోకి దిగారు. తలుపు తీసింది ఊరివాళ్ళే. అధికారం కోసం కొందరు థీబ్స్‌తో కుమ్మక్కయ్యారు. పిలిపించినవాళ్ళు ఇళ్ళమీద పడి శత్రువుల్ని చంపేద్దామన్నారు. థీబ్స్ వాళ్ళు వద్దన్నారు. సంతలో ఆయుధాలు దించి, మాతో కలవదలచినవాళ్ళు వచ్చి మా పక్కన నిలబడండి అని చాటింపు వేయించారు.

చీకట్లో ఎంతమంది వచ్చారో తెలియక ప్లాటియా వాళ్ళు ముందు ఒప్పుకున్నారు. మాటలు నడుస్తుండగా ఎవరో లెక్కపెట్టి ఉంటారు, వీళ్ళు కొద్దిమందే! అప్పుడు చేసిన పని చూడండి. వీధిలోకి వస్తే కనబడిపోతారు కదా, అందుకని ఇంటికీ ఇంటికీ మధ్య ఉమ్మడి గోడలకి కన్నాలు పెట్టి, ఒక ఇంట్లోంచి ఇంకో ఇంట్లోకి దూరుతూ ఒకచోట చేరారు. ఎద్దులు లేకుండా బళ్ళు తోసుకొచ్చి వీధులకి అడ్డం పెట్టారు. తెల్లారడానికి కాస్త ముందు మీద పడ్డారు. రాత్రంతా జోరు వాన. మగవాళ్ళు కింద నుంచి తరుముతుంటే, ఇళ్ళ కప్పులెక్కిన ఆడవాళ్ళు, బానిసలు కేకలు పెడుతూ రాళ్ళు, పెంకులు విసిరారు. కాళ్ళ కింద బురద, తెలియని సందులు. వచ్చిన వాకిలి వైపు పరిగెత్తితే, అప్పటికే ఒకడు గడియలో చీలకి బదులు ఈటె మొన దూర్చి మూసేశాడు. కొందరు గోడెక్కి దూకారు, చాలామంది చచ్చారు. ఇంకోచోట కాపలా లేని తలుపు దగ్గర ఎవరో ఆడమనిషి గొడ్డలి అందిస్తే అడ్డగడియ నరికి కొద్దిమంది తప్పించుకున్నారు. ఆవిడ ఎందుకిచ్చిందో చరిత్ర చెప్పదు. ఎక్కువమంది మాత్రం గోడని ఆనుకుని ఉన్న ఒక పెద్ద కట్టడం తలుపులు తెరిచి ఉంటే, అదే ఊరి వాకిలి అనుకుని లోపలికి పరిగెత్తి బోనులో పడ్డారు.

థీబ్స్ అసలు సైన్యం ఏమైంది మరి? బయల్దేరింది. పదమూడు కిలోమీటర్లే. వానకి అసోపస్ నది పొంగి దాటడం ఆలస్యమైంది. వచ్చేసరికి అంతా అయిపోయింది.

ప్లాటియా నుంచి ఏథెన్స్‌కి రెండు కబుర్లు వెళ్ళాయి. థీబ్స్ వాళ్ళు ఊళ్ళోకి వచ్చారని ఒకటి. పట్టుకున్నామని రెండోది. ఏథెన్స్ వెంటనే మనిషిని పంపింది, ఖైదీల్ని ఏమీ చేయకండి, మేం ఆలోచించి చెప్తాం అని. ఆ 180 మంది ఖైదీలు ప్రాణాలతో ఉంటే థీబ్స్ జుట్టు చేతిలో ఉన్నట్టే. ఆ దూత కొండ దాటి వచ్చేసరికి 180 శవాలున్నాయి. వాళ్ళని వదిలేస్తామని మాట ఇచ్చి తప్పారని థీబ్స్ వాదన, అలాంటి ప్రమాణమేదీ చేయలేదని ప్లాటియా వాదన. ఆ తగువు అలాగే ఉండిపోయింది. ఇరవై ఏడేళ్ళ యుద్ధం ఇలా మొదలైంది, ఒక వాన రాత్రి, ఒక ఆలస్యమైన కబురు.

రెండేళ్ళకి స్పార్టా రాజు ఆర్కిడామస్ ప్లాటియాని చుట్టుముట్టాడు. పౌసానియస్ ఇచ్చిన మాట ఏమైందని ప్లాటియా వాళ్ళు అడిగారు. ఎవరి పక్షానా లేకుండా ఉండండి, వదిలేస్తాం అన్నాడు. ఏథెన్స్‌ని అడిగారు. మిమ్మల్ని ఎన్నడూ విడిచిపెట్టలేదు, ఇప్పుడూ విడిచిపెట్టం అని జవాబొచ్చింది. ఆ మాట పట్టుకుని తలుపులు మూసుకున్నారు. పిల్లల్ని, ఆడవాళ్ళని, ముసలివాళ్ళని అప్పటికే ఏథెన్స్ పంపేశారు. లోపల మిగిలింది 400 మంది ప్లాటియన్లు, 80 మంది ఏథెన్స్ వాళ్ళు, రొట్టెలు చేయడానికి 110 మంది ఆడవాళ్ళు. ముట్టడి అంటే మనం గోడలు, కత్తులు అనుకుంటాం. ఆ 110 అన్న అంకె చూసినప్పుడల్లా నాకు పిండి మరలు తిప్పే చేతులు కనబడతాయి.

స్పార్టన్లు మట్టి దిబ్బ పోస్తే, వీళ్ళు గోడ కింద నుంచి ఆ మట్టిని లోపలికి లాగేశారు. నిప్పు పెట్టారు, అదీ ఫలించలేదు. చివరికి ఊరి చుట్టూ రెండు వరసల గోడ కట్టి, మధ్యలో కాపలాదారులకి గదులు కట్టి కూర్చున్నారు. ఆకలికి వదిలేశారు.

428 చలికాలం వచ్చింది. తిండి అయిపోతోంది, ఏథెన్స్ రావడం లేదు. పారిపోదామనుకున్నారు. నిచ్చెన ఎంత ఎత్తుండాలి? శత్రువు గోడలో తమవైపు గిలాబా చేయని భాగం కనబడుతోంది. ఇటుక వరసలు లెక్కపెట్టారు. ఒక్కరు కాదు, చాలామంది, చాలాసార్లు. కొందరికి తప్పు వచ్చినా ఎక్కువమందికి ఒకే లెక్క వస్తే అదే ఖాయం చేశారు. ఒక ఇటుక మందం తెలుసు, దాన్ని వరసలతో గుణించారు. తుఫాను గాలి, వాన, చంద్రుడు లేని రాత్రి చూసి బయల్దేరారు. బురదలో జారకుండా ఎడమ కాలికి మాత్రమే చెప్పు. ఆయుధాలు ఒకదానికొకటి తగిలి చప్పుడవకుండా ఎడం ఎడంగా నడిచారు. నిచ్చెన ఎక్కారు, రెండు బురుజుల్లో కాపలావాళ్ళని చంపారు, అంతా సాఫీగా ఉందనుకునేలోపు ఒకడి చెయ్యి తగిలి గోడ మీద పెంకు ఒకటి ఊడి కింద పడింది.

అలికిడికి శత్రు శిబిరం లేచింది. థీబ్స్‌కి ప్రమాద సంకేతంగా మంటలు ఎత్తారు. అప్పుడు ఊళ్ళో ఉండిపోయినవాళ్ళు ఏం చేశారంటే, ముందే సిద్ధం చేసుకున్న కట్టెలు ముట్టించి తమ గోడల మీద కూడా మంటలు లేపారు. అక్కడ థీబ్స్‌లో చూసేవాడికి ఏ మంటకి ఏ అర్థమో తెలియకుండా కలగాపులగం. కబురు ఆపలేకపోతే కబుర్లన్నీ కలిపేయడం! ఈనాటి వాట్సాప్ గుంపుల్లో బతుకుతున్న మనకి ఈ కిటుకు కొత్తేం కాదు. (నవ్వులు)

పీకల్లోతు చన్నీళ్ళ కందకం దాటి, వాళ్ళు ఏథెన్స్ దారి పట్టకుండా ముందు థీబ్స్ వైపే నడిచారు. శత్రువు ఊరివైపు పారిపోతారని ఎవరనుకుంటారు? వెనక్కి తిరిగి చూస్తే కాగడాలు ఏథెన్స్ కొండదారిలో వెతుకుతూ కనబడ్డాయి. అప్పుడు పక్కకి మళ్ళి కొండలెక్కారు. 212 మంది ఏథెన్స్ చేరారు. మధ్యలో భయపడి వెనక్కి వచ్చేసిన కొందరు, ఒక్కరూ బతకలేదని ఊళ్ళో చెప్పారు. తెల్లారగానే ఊరివాళ్ళు శవాలు ఇమ్మని అడగడానికి మనిషిని పంపారు. శత్రువు నోటి నుంచి వాళ్ళకి తెలిసింది, మనవాళ్ళు తప్పించుకున్నారని.

ఇక్కడ ఆగి సముద్రం దాటి లెస్బోస్ ద్వీపానికి వెళ్దాం. అక్కడ పెద్ద నగరం మిటిలీనీ. ఏథెన్స్ కూటమిలో ఉంటూ, కప్పం కట్టకుండా సొంత ఓడలతో గౌరవంగా బతికే ఊరు. 428లో తిరగబడింది. ఏథెన్స్‌లో అప్పుడు మహమ్మారి. ఏథెన్స్‌ని నడిపించిన పెరిక్లీస్ అంతటివాడు ఏడాది క్రితమే పోయాడు. ఇదే అదను అనుకున్నారు. ఒలింపిక్ ఆటల దగ్గర స్పార్టా కూటమిని కలిసి సాయం అడిగారు. స్పార్టా ఓడలు పంపింది, అవి దారిలో తాత్సారం చేశాయి. మరి చెప్పాను కదా, ఇదంతా ఆలస్యాల చరిత్ర. ఈలోగా తిండి అయిపోయింది. సామాన్యుల చేతికి కూడా ఆయుధాలిచ్చారు. ఆయుధాలు చేతిలో పడగానే సామాన్యులు దొరలతో, ముందు మీరు దాచుకున్న ధాన్యం పంచండి, లేకపోతే మేమే ఏథెన్స్‌తో రాజీ పడతాం అన్నారు. ఊరు లొంగిపోయింది.

ఏథెన్స్ ప్రజాసభ నిక్స్ గుట్ట మీద కూడేది. పౌరులైన మగవాళ్ళు ఎవరైనా లేచి మాట్లాడొచ్చు. ఆడవాళ్ళకి, బానిసలకి, వలస వచ్చినవాళ్ళకి ఆ గుట్ట మీద చోటు లేదు. సంతలో కబుర్లాడుకుంటూ సభకి రాకుండా తిరిగేవాళ్ళని ఎర్రరంగు పూసిన తాడుతో తోలుకొచ్చేవారట, బట్టకి రంగంటితే ఎగ్గొట్టినవాడని తెలిసిపోతుంది. ఆ గుట్ట మీద, కోపంలో ఒకే రోజులో తేల్చేశారు. మిటిలీనీలో మగవాళ్ళందర్నీ చంపండి, ఆడవాళ్ళనీ పిల్లల్నీ బానిసలుగా అమ్మండి. ఆ ఆజ్ఞ పట్టుకుని అక్కడి సేనాని పాకీస్ దగ్గరికి ఒక ఓడ బయల్దేరింది.

మర్నాడు పొద్దున్న లేచేసరికి చాలామందికి మనసు పీకింది. తిరగబడినవాళ్ళు కొందరైతే ఊరు ఊరంతా చావడమేమిటి? మళ్ళీ సభ పెట్టారు. క్లియోన్ అనే గొప్ప వాగ్ధాటి ఉన్న నాయకుడు లేచి, నిన్న అన్నమాట ఇవాళ మారుస్తారా, ప్రజాస్వామ్యం సామ్రాజ్యాన్ని ఏలలేదని అందుకే అంటాను, మీరు ఏలుతున్నది నిరంకుశ సామ్రాజ్యమని మరిచిపోకండి అని నిలదీశాడు. అతనికి జవాబు చెప్పినవాడు యూక్రటీస్ కొడుకు డయోడోటస్. చరిత్రలో ఇతని పేరు ఈ ఒక్క సందర్భంలోనే వినబడుతుంది. అతను జాలి చూపమని అడగలేదు. నాకు ఇతనిలో నచ్చేది అదే. మరణశిక్షకి భయపడి నేరం మానేసినవాళ్ళు లోకంలో ఎవరున్నారు? లొంగినా చావే అని తెలిస్తే రేపు ఇంకో ఊరు ఎందుకు లొంగుతుంది? ప్రతి ఊళ్ళో సామాన్యులు మన పక్షం, వాళ్ళనే చంపితే మనకి మిగిలేదెవరు? లాభనష్టాలు మాట్లాడి ప్రాణాలు కాపాడే ప్రయత్నం చేశాడు. కోపంతో ఉన్న సభ ముందు ఏ భాష పనికొస్తుందో తెలిసినవాడు.

చేతులెత్తించారు. దాదాపు సమానం. డయోడోటస్ వెంట్రుకవాసిలో గెలిచాడు. ఆజ్ఞ రద్దు చేస్తూ వెంటనే రెండో ఓడని పంపారు. కానీ మొదటి ఓడ బయల్దేరి అప్పటికి సుమారు ఒక పగలు, ఒక రాత్రి గడిచింది.

ఆ ఓడని ట్రైరీమ్ అంటారు. మూడు అంతస్తుల్లో 170 మంది తెడ్డువేసేవాళ్ళు. పై వరసలో 62, మధ్యలో 54, అడుగున 54. అడుగు వరసలో ఉన్నవాడికి సముద్రం కనబడదు, పైవాడి చెమట మాత్రం మీద పడుతుంది. ఒక్కొక్కడికి ఒక తెడ్డు, కూర్చోవడానికి మెత్త, తెడ్డు కట్టుకునే తోలు పట్టీ. ఈ మూడే ఆస్తి. ఎక్కువమంది పేద పౌరులు, కూలికి వచ్చినవాళ్ళు. ఓడలో వండుకోవడానికి, పడుకోవడానికి చోటుండదు. పూటపూటకీ ఒడ్డుకి లాగి, దిగి వండుకుని తిని, రాత్రి ఇసుకలో పడుకోవాలి. ఏథెన్స్ రేవు పైరియస్ నుంచి మిటిలీనీకి సుమారు 340 కిలోమీటర్లు. ఆ లెక్కన రెండో ఓడ అందుకునే ప్రశ్నే లేదు.

ఏథెన్స్‌లో ఉన్న మిటిలీనీ దూతలు పరుగున రేవుకి వచ్చి ఓడలోకి ద్రాక్షసారా, యవల పిండి ఎక్కించారు. ముందు చేరితే గొప్ప బహుమానాలిస్తామన్నారు. యవల పిండిని సారాలో, ఆలివ్ నూనెలో కలిపి ముద్దలు చేసుకుని, తెడ్డు వదలకుండానే తిన్నారు. వంతులవారీగా కొందరు నిద్రపోతే కొందరు తెడ్డు వేశారు. ఒడ్డుకి వెళ్ళలేదు. అదృష్టం, ఎదురుగాలి లేదు. ఇంకో మాట, మొదటి ఓడ వాళ్ళు తొందరపడలేదు. మోసుకెళ్తున్నది అలాంటి కబురు కదా. ఆ ఓడలో 170 మందికీ ఏ పని మీద పోతున్నారో తెలిసే ఉంటుంది. ఎవడూ చెప్పకుండానే తెడ్లు మెల్లగా పడి ఉంటాయి. నాకు మొదటి ఓడవాళ్ళూ రెండో ఓడవాళ్ళంత గొప్పవాళ్ళనిపిస్తారు.

మొదటి ఓడ ముందే చేరింది. పాకీస్ ఆజ్ఞ చదివాడు. అమలు చేయబోతున్నాడు. రేవులోకి రెండో ఓడ వచ్చింది.

ఊరు బతికింది. మొత్తం బతికిందని అనలేం. ముఖ్య కారకులని ఏథెన్స్‌కి తెచ్చినవాళ్ళని క్లియోన్ మాట మీద చంపేశారు. వెయ్యికి పైగా అని ఉంది థుసిడిడీస్ ప్రతిలో. ఆ అంకె చాలా ఎక్కువని సందేహించే పండితులున్నారు. మిటిలీనీ గోడలు కూల్చారు, ఓడలు లాక్కున్నారు, భూమిని 3,000 వాటాలు చేసి 300 దేవుళ్ళకి, మిగిలినవి ఏథెన్స్ పౌరులకి పంచారు. దున్నేవాళ్ళు పాతవాళ్ళే, కౌలు మాత్రం కొత్త యజమానులకి.

అదే వేసవిలో ప్లాటియాలో తిండి పూర్తిగా అయిపోయింది. లొంగిపోయారు. స్పార్టా నుంచి అయిదుగురు న్యాయాధికారులు వచ్చారు. నేరారోపణ లేదు. ఒకే ప్రశ్న. "ఈ యుద్ధంలో స్పార్టాకి గానీ దాని మిత్రులకి గానీ మీరేమైనా మేలు చేశారా?" శత్రువుకి మేలు చేశారా అని అడిగితే ఏం చెప్తారు! ప్లాటియా వాళ్ళు పాత సంగతులన్నీ తవ్వారు. ఏథెన్స్ దగ్గరికి వెళ్ళమన్నది మీరే కదా, మీ తాతల సమాధులకి ఏటేటా బట్టలు పెట్టింది మేమే కదా, మమ్మల్ని చంపి ఈ నేల థీబ్స్‌కిస్తే మీ తాతల్ని వాళ్ళ హంతకుల మధ్య వదిలేసినట్టు కాదా అన్నారు. థీబ్స్ వాళ్ళు లేచి 180 మంది ఖైదీల సంగతి ఎత్తారు. మళ్ళీ అదే ప్రశ్న, ఒక్కొక్కర్నీ పిలిచి. లేదు అన్నవాడిని పక్కకి తీసుకెళ్ళారు. 200 మందికి తక్కువ కాకుండా ప్లాటియన్లు, 25 మంది ఏథెన్స్ వాళ్ళు. ఆ రొట్టెలు చేసిన ఆడవాళ్ళని బానిసలుగా అమ్మారు. ఏథెన్స్ నుంచి ఏ కబురూ రాలేదు. ఏడాది తర్వాత ఊరిని పునాదులతో సహా తవ్వేసి, ఆ కలప, తలుపులు పెట్టి హీరా గుడి పక్కన 200 అడుగుల చతురస్రంలో రెండంతస్తుల సత్రం కట్టారు. పొలాలు పదేళ్ళ కౌలుకిచ్చారు. తీసుకున్నది థీబ్స్ వాళ్ళు.

ఇదంతా మనకి చెప్పిన థుసిడిడీస్ గురించి ఒక మాట. 424 చలికాలంలో అతను ఉత్తరాన థాసోస్ ద్వీపంలో సేనాపతి. ఆంఫిపొలిస్ అనే ముఖ్యమైన ఊరిని స్పార్టా సేనాని బ్రాసిడాస్ చుట్టుముట్టాడని కబురొచ్చింది. అర పూట ప్రయాణం. ఏడు ఓడలు తీసుకుని వెంటనే బయల్దేరాడు. ఆ సాయంత్రానికే నది ముఖద్వారంలో ఉన్న రేవు చేరాడు. ఊరు అప్పటికే లొంగిపోయింది. కొన్ని గంటల తేడా. దానికి శిక్షగా 20 ఏళ్ళు ఏథెన్స్‌కి దూరంగా ఉన్నాడు. ఆ ప్రవాసంలో అతను రెండో ఓడ కథకి తుది మెరుగులు దిద్దుతున్నప్పుడు ఏ ఓడ గుర్తొచ్చి ఉంటుందో, అది నా ఊహకి వదిలేయండి.

మిటిలీనీ తర్వాత ఏథెన్స్ మారిందా అని అడుగుతారు. 416లో మీలోస్ అనే చిన్న ద్వీపం లొంగిపోయింది. మగవాళ్ళని చంపారు, ఆడవాళ్ళని, పిల్లల్ని అమ్మారు. ఈసారి రెండో సభ లేదు, రెండో ఓడ లేదు.

ఇంక ఒక్క కబురుంది, చెప్పి దిగిపోతాను. 405లో ఈగస్‌పొటామి దగ్గర స్పార్టా సేనాని లైసాండర్ ఏథెన్స్ నౌకాదళాన్ని ఒడ్డు మీదే పట్టుకున్నాడు. తప్పించుకున్న కొద్ది ఓడల్లో పారలస్ ఒకటి. అది కబురు మోసుకుని ఒక రాత్రి పైరియస్ రేవుకి చేరింది. రేవు నుంచి నగరానికి ఆరేడు కిలోమీటర్లు, దారి పొడవునా రెండు పక్కలా పొడుగు గోడలు. రేవులో మొదలైన ఏడుపు ఆ గోడల వెంబడి ఒకరి నుంచి ఒకరికి పాకుతూ నగరంలోకి వచ్చిందని జెనొఫోన్ అనే చరిత్రకారుడు రాశాడు. వార్తాహరుడు అక్కర్లేకపోయింది. ఆ రాత్రి ఎవరూ నిద్రపోలేదు. పోయినవాళ్ళ కోసం ఏడ్చారు. అంతకంటే ఎక్కువగా తమ కోసం ఏడ్చారు. మీలోస్ వాళ్ళకి మనం చేసింది ఇప్పుడు మనకి చేస్తారని, ఇంకో నాలుగు ఊళ్ళ పేర్లు కూడా తలుచుకుంటూ, తెల్లారేదాకా మేలుకునే ఉన్నారు.